బందరు రోడ్డు సైకిల్ దుకాణంలో రేసు పాఠం

ఒక్కరోజులోనే ముగిసే సైకిల్ రేసును తెరమీద చూసే కొత్తవారికి మొదటి నాలుగైదు గంటలూ ఏమీ జరగనట్టే అనిపిస్తుంది. విజయవాడ బందరు రోడ్డులోని ఒక సైకిల్ దుకాణం వారు శనివారం సాయంత్రాల్లో మేడమీది హాలులో నడుపుతున్న రేసు విశ్లేషణ తరగతి ఈ అపోహను పూర్తిగా తొలగిస్తుంది. పాత రేసును పెద్ద తెరమీద వేసి, కీలకమైన చోట్ల ఆపి, ఆ క్షణంలో ఎవరు గుంపులో ఎక్కడ ఉన్నారో, ఎందుకు అక్కడ ఉన్నారో, ఎవరి కాళ్ళలో ఎంత సత్తువ మిగిలి ఉందో శిక్షకుడు తెలుగులో వివరిస్తారు. రుసుము మనిషికి 150 రూపాయలు. ఆ డబ్బుకు తగిన విలువ ఉందనే నా అభిప్రాయం.

నేను చూసినవాటిలో బాగా కుదిరినది ఇటలీలో జరిగే మిలన్–సాన్ రేమో రేసు 2025 పోటీ మీద చేసిన తరగతి. దాదాపు 290 కిలోమీటర్లు సాగే ఆ రేసును చివరికి తేల్చేవి చిప్రెస్సా, పోజ్జో అనే రెండు చిన్న ఎక్కుళ్ళు. చిప్రెస్సా సుమారు ఐదున్నర కిలోమీటర్లు ఉంటుంది, సగటు వాలు నాలుగు శాతమే. పోజ్జో 3.7 కిలోమీటర్లు, వాలు ఇంకా తక్కువ. మన కొండవీడు ఘాట్ రోడ్డు ఎక్కినవారికి ఇవి లెక్కలోకి రానివిగా తోచవచ్చు. అయితే వాలు తక్కువ కావడమే అసలు చిక్కు అని శిక్షకుడు చక్కగా నిరూపించారు. వాలు తక్కువైతే వేగం తగ్గదు, వేగం తగ్గకపోతే గాలి తగలకుండా ముందువాడి చాటున తొక్కే లాభం ఎక్కుడులో కూడా నిలుస్తుంది, అందువల్ల కొండలెక్కడంలో ఎంత మేటి అయినా వెనక అంటుకున్నవారిని వదిలించుకోలేడు. కరకట్ట మీద ఎదురుగాలిలో నలుగురితో కలిసి తొక్కినవారికి ఈ మాట వెంటనే అర్థమవుతుంది. కొండలెక్కడంలో మేటి అయిన తాడెయ్ పొగాచార్ పోజ్జో దాకా ఆగకుండా చిప్రెస్సా మీదే విరుచుకుపడటానికి కారణం ఇదే. అయినా పోటీదారులైన మాథ్యూ వాన్ డర్ పోల్, ఫిలిప్పో గన్నా అతణ్ణి వదలలేదు. పోజ్జో మీద పొగాచార్ మళ్ళీ మళ్ళీ దాడి చేసినప్పుడు, అంటే హఠాత్తుగా వేగం పెంచి విడిపోవాలని చూసినప్పుడు, గన్నా వెనకబడ్డాడు, కానీ కంగారుపడి తనను తాను ఖర్చుచేసుకోకుండా తన లయలో తొక్కుతూ చివరి కిలోమీటరులో మళ్ళీ అందుకున్నాడు. సరిగ్గా అతడు వచ్చి చేరుతున్న క్షణంలోనే వాన్ డర్ పోల్ చాలా దూరం నుంచి స్ప్రింట్ (ముగింపు గీత దాకా పూర్తి బలంతో దూసుకుపోవడం) మొదలుపెట్టి గెలిచాడు. గన్నా రెండో స్థానంలో, పొగాచార్ మూడో స్థానంలో నిలిచారు. ఆ కొన్ని సెకన్లను శిక్షకుడు ఎన్నోసార్లు వెనక్కి తిప్పి చూపించారు, ఎవరికీ విసుగు రాలేదు.

దీనికి పూర్తిగా భిన్నమైన పాఠం అదే సంవత్సరం ఏప్రిల్ 2న బెల్జియంలో జరిగిన ద్వార్స్ డోర్ వ్లాండరన్ రేసు. ముందున్న నలుగురిలో వౌట్ వాన్ ఆర్ట్, టీష్ బెనూట్, మాటియో జోర్గెన్సన్ ముగ్గురూ ఒకే జట్టు, విస్మా వారు. నాలుగోవాడు అమెరికాకు చెందిన నీల్సన్ పౌలెస్. గెలిచింది పౌలెస్. “ముగ్గురుండి ఒక్కణ్ణి ఎలా వదిలేశారండీ?” అని ఒక పెద్దాయన అడిగారు. “ఆయన్ని ఒక్కసారి కూడా ఒంటరిగా వెంటాడేలా చేయలేదండీ” అన్నారు శిక్షకుడు. ఒకరి తర్వాత ఒకరు దాడికి దిగి ఉంటే పౌలెస్ ప్రతిసారీ తనే వెంటాడవలసి వచ్చేది, మూడోసారికైనా అలసిపోయేవాడు. వారు మాత్రం వాన్ ఆర్ట్ స్ప్రింట్‌ను నమ్ముకుని ముగింపు దాకా ఆగారు. 2024లో ఇదే రేసులో పడి ఎముకలు విరగ్గొట్టుకున్న వాన్ ఆర్ట్‌కు ఆ గెలుపు ఎంత అవసరమో ఊహించవచ్చు. ఆ నిర్ణయం తనదేనని రేసు తర్వాత ఆయనే ఒప్పుకున్నాడు. సుదీర్ఘమైన రేసు చివర స్ప్రింట్‌లో పేరుకన్నా మిగిలిన బలమే లెక్కకు వస్తుందన్న సంగతిని ఇంతకన్నా స్పష్టంగా చూపే రేసు నాకు తెలిసి మరొకటి లేదు.

ఫామ్ గురించి మాత్రం తరగతి ఇంకా లోతుగా వెళ్ళాలి. రైడర్ ఫామ్‌లో ఉన్నాడని తెలిపే గుర్తులుగా ఎక్కుడుకు ముందే గుంపు ముందు వరుసలోకి చేరడం, భుజాలు ఊగకపోవడం, తినడం తాగడం మరవకపోవడం వంటివి చెప్పారు, అవి సరైనవే. కానీ పెద్ద రేసుకు ముందు వారాల్లో సాధన భారాన్ని ఎందుకు తగ్గిస్తారు, చిన్న రేసుల ఫలితాలను ఎంతవరకు నమ్మవచ్చు, ఒకే నెలలో వరుసగా వచ్చే రేసులలో బలాన్ని ఎలా పొదుపు చేస్తారు అన్న ప్రశ్నలు తాకీతాకకుండానే గడిచిపోయాయి. బలం ఉండి కూడా సహచరుడి కోసం తొక్కేవారి సంగతి కూడా చెప్పవలసింది. 2024 సాన్ రేమోలో వాన్ డర్ పోల్ తన అవకాశాన్ని పక్కనపెట్టి చివరి కిలోమీటర్లలో గుంపును వదిలి ముందుకు దూసుకుపోతున్నవారిని వెంటాడి అందుకున్నందువల్లే అతని జట్టులోని యాస్పర్ ఫిలిప్సెన్ గెలిచాడు.

హాలు శుభ్రంగా ఉంది, తెర పెద్దది. వెనక వరుసల్లో మాట సరిగా వినబడదు కాబట్టి కాస్త ముందుగా వెళ్ళి కూర్చోవడం మంచిది. మధ్యలో ఇచ్చే టీ బాగుంటుంది.

నిర్వాహకులకు ఒక విన్నపం. మహిళల రేసుల మీద ఇంతవరకు నేను ఒక్క తరగతీ చూడలేదు. ద్వార్స్ డోర్ వ్లాండరన్ జరిగిన పది రోజులకే, అదే విస్మా వారి మహిళా జట్టు ఫ్రాన్స్‌లో జరిగే పారిస్–రూబే రేసును గెలిచింది. పౌలిన్ ఫెరాన్ ప్రెవో ఒంటరిగా ముందుకు దూసుకుపోతే, వెనక వెంటాడే గుంపులో సహచరి మరియాన్ వోస్ ఉంది. వెంటాడటానికి కష్టపడినవారు ఆమెను కూడా ముగింపుకు మోసుకెళ్ళినట్టే కనుక, ఎవరూ మనస్ఫూర్తిగా ముందుండి తొక్కలేని పరిస్థితి. పురుషుల జట్టు చేజార్చుకున్న సంఖ్యాబలాన్ని మహిళల జట్టు ఎలా వాడుకుందో ఒకే సాయంత్రం పక్కపక్కన పెట్టి చూపిస్తే, రుసుము రెట్టింపు చేసినా నేను సంతోషంగా వెళతాను.