పాత బుల్లెట్‌కి యూఎస్‌డీ ఫోర్కు, 17 అంగుళాల అలాయ్ సెట్టు: అడ్వాన్స్ కట్టే ముందు జాగ్రత్త

కాస్ట్ ఐరన్ ఇంజన్ బుల్లెట్ 350 ఉన్నవాళ్లకి ఒక సెట్టు అంటగడుతున్నారు. ముందు యూఎస్‌డీ (తలకిందుల) ఫోర్కు, డిస్క్ బ్రేకులు, 17 అంగుళాల అలాయ్ చక్రాలు, వెనక గ్యాస్ షాకులు. "కోత లేదు, వెల్డింగ్ లేదు, విప్పి బిగించడమే" అన్నది అమ్మేవాళ్ల మాట. కుడికాలి గేరు ఉన్న పాత బుల్లెట్‌కి అలా విప్పి బిగించే సెట్టు ఉండదు. స్టెమ్ (హ్యాండిల్‌తో తిరిగే నిలువు కడ్డీ) దగ్గర, చక్రం ఎత్తు దగ్గర, వెనక బ్రేకు దగ్గర ఏదో ఒకటి కొయ్యాలి, లేదా లేత్ మీద కొత్తగా చేయించాలి. డబ్బు పోయేదీ, ప్రాణం మీదకి వచ్చేదీ ఆ మూడు చోట్లే.

ముందుభాగంతో మొదలుపెడదాం. ఇప్పటి బళ్లలో ఫోర్కు గొట్టాల్ని పైన ఒక టీ, కింద ఒక టీ పట్టుకుంటాయి. పాత బుల్లెట్‌లో పై టీ పని చేసేది హెడ్‌లైట్ డూమే. ఫోర్కు గొట్టాల పై కొసలు ఆ అల్యూమినియం పోతలోకి మరలతో ఎక్కుతాయి. స్పీడోమీటరు, అమ్మీటరు, రెండు చిన్న టైగర్ లైట్లు ఉండేదీ అందులోనే. కాబట్టి ఫోర్కు మార్చడమంటే బుల్లెట్‌కి ఆ ముఖం లేకుండా చెయ్యడం. "డూమ్ అలాగే ఉంచుతాం" అని ఎవరైనా అంటే, దాన్ని వెనకనుంచి కోసి కొత్త ఫోర్కుకి తొడుగులా తగిలిస్తారని అర్థం. కోసిన డూమ్ మళ్లీ దేనికీ పనికిరాదు. ఇంకో సంగతి, విప్పిన డూమ్, ఫోర్కు, ముందు డ్రమ్ము "ఎక్స్ఛేంజ్" కింద ఉంచుకుని కొంత తగ్గిస్తామంటారు. ఒప్పుకోకండి. రేపు మనసు మారితే అవే పాత సామాన్లు వెతుక్కోవడానికి సెట్టు ధరకి మించి ఖర్చవుతుంది.

ఇక స్టెమ్. కొత్త ఫోర్కు కింది టీకి ఉన్న స్టెమ్ పొడవు, మందం బుల్లెట్ హెడ్‌కి (ఛాసిస్ ముందు కొసన స్టెమ్ తిరిగే గొట్టానికి) సరిపోవు. సరైన దారి ఒకటే. ఆ టీలో ఉన్న స్టెమ్‌ను ప్రెస్ మీద బయటకి తీసి, ఈఎన్19 లేదా ఈఎన్24 ఉక్కుతో కొత్తది తిప్పించి, టీ రంధ్రం కన్నా 0.03 నుంచి 0.05 మి.మీ. లావుగా ఉంచి, టీని వేడి చేసి ప్రెస్‌లో దించాలి. కింద అంచు, పైన సర్‌క్లిప్ లేదా పిన్ను ఉండాలి, కేవలం బిగువు మీద వదలకూడదు. ఈ పని చెయ్యగల లేత్ మేస్త్రీలకి విజయవాడ ఆటోనగర్‌లో కొదవ లేదు, కాకపోతే కొలతలు రాసిచ్చి చేయించుకోవాలి. చాలా చోట్ల జరుగుతున్నది వేరు. రెండు స్టెమ్‌లని మధ్యలో కోసి, ఒకదాన్ని ఇంకోదానికి అతికించి, వెల్డింగ్ గుర్తు గ్రైండర్‌తో నున్నగా చేసి, పైన నల్లరంగు కొడతారు. అది హెడ్ గొట్టం లోపల ఉంటుంది కనుక బయటకి కనిపించదు. బ్రేకు పట్టిన ప్రతిసారీ వంచే శక్తంతా ఆ అతుకు మీదే పడుతుంది. అది తెగే ముందు చప్పుడు చెయ్యదు, హెచ్చరించదు. బిగించక ముందు స్టెమ్‌ని విడిగా చూపించమనండి. చూపించనంటే అడ్వాన్స్ కట్టొద్దు.

స్టెమ్‌ని వదిలేసి హెడ్ గొట్టాన్నే కోసి పొట్టి చేసేవాళ్లు ఇంకా ప్రమాదం. పాత బుల్లెట్ ఛాసిస్ గొట్టాలు పోత లగ్గుల్లోకి (గొట్టాలు కలిసే చోటి జాయింట్లలోకి) దూరి ఇత్తడి బ్రేజింగ్‌తో అతికి ఉంటాయి. దాని మీద ఆర్క్ వెల్డింగ్ చేస్తే కరిగిన ఇత్తడి వెల్డింగ్‌లో కలిసి బుడగలు, పగుళ్లు తెస్తుంది. ఇత్తడిలోని రాగి వేడి ఉక్కు రేణువుల మధ్యకి దూరి పెళుసు చేస్తుంది. అప్పటికి గట్టిగానే ఉన్నట్టు కనిపించి, గతుకులు పడ్డాక లగ్గు అంచున సన్నటి గీతలా చీలుతుంది. హెడ్ మీద ఛాసిస్ నెంబరు ఉన్న బండైతే గ్రైండర్ దగ్గరకి కూడా రానివ్వొద్దు. నెంబరు చెరిగితే ఆర్టీఓ ఆఫీసులో సమాధానం చెప్పుకోవాల్సింది యజమానే.

చక్రం సైజు విషయంలో అమ్మేవాళ్లు చెప్పేది సగం నిజం. ఆర్ఎక్స్ 100 లాంటి బండికి 18 అంగుళాల 2.50 టైరు తీసి 17 అంగుళాల 100/80 వేస్తే బయటి వ్యాసం దాదాపు ఒకటే, 584 మి.మీ. పోయి 592 వస్తుంది. అదే లెక్క బుల్లెట్‌కి చెప్పడంలోనే మోసం ఉంది. బుల్లెట్ 3.25-19 టైరు వ్యాసం 648 మి.మీ. దగ్గర. ముందు 100/80-17 వేస్తే 592, వెనక 140/60-17 వేస్తే 600. అంటే ముందు ఇరుసు 28 మి.మీ., వెనక ఇరుసు 24 మి.మీ. నేలకి దగ్గరవుతాయి. దీనివల్ల మొదట బయటపడేది స్టాండ్ల దగ్గర. సెంటర్ స్టాండు పొడవు ఎక్కువైపోయి బండిని ఎక్కించడానికి ఇద్దరు కావాలి. సైడ్ స్టాండు మీద బండి దాదాపు నిటారుగా నిలబడి, చిన్న తోపుకే కుడివైపు పడిపోతుంది. సైలెన్సరు స్పీడ్ బ్రేకర్లకి తగలడం మామూలే.

గేరింగు కూడా మారుతుంది. వెనక చక్రం చుట్టుకొలత 7 శాతం పైగా తగ్గితే అదే వేగానికి ఇంజను 8 శాతం ఎక్కువ తిరగాలి. 90 మి.మీ. పొడుగు స్ట్రోకు ఉన్న ఇంజనుకి అది నచ్చదు, హైవే మీద వణుకు మొదలవుతుంది. గేర్‌బాక్స్ స్ప్రాకెట్‌కి (చెయిను నడిపే పళ్లచక్రానికి) ఒక పన్ను పెంచితే 6 శాతం వరకు సర్దుకోవచ్చు. అయితే బుల్లెట్‌లో ఆ స్ప్రాకెట్ క్లచ్చు వెనక ఉంటుంది. ప్రైమరీ కేసు, క్లచ్చు మొత్తం విప్పాలి. కొటేషన్‌లో ఈ పని ఉందేమో అడగండి, ఉండదు.

ట్రెయిల్ గురించి ఎవరూ మాట్లాడరు, కానీ బండి తిన్నగా పోవాలన్నా, వేగంలో హ్యాండిల్ కొట్టుకోకూడదన్నా అదే ముఖ్యం. స్టీరింగ్ ఇరుసు గీతని నేలదాకా పొడిగిస్తే తాకే చోటికీ, టైరు నేలని తాకే చోటికీ మధ్య దూరమే ట్రెయిల్. లెక్క కష్టం కాదు. చక్రం వ్యాసార్థాన్ని హెడ్ కోణం సైన్‌తో గుణించి, అందులోంచి ఫోర్కు ఆఫ్‌సెట్ (స్టీరింగ్ గీత నుంచి చక్రం ఇరుసు ఎంత ముందుకుందో ఆ దూరం) తీసేసి, కోణం కొసైన్‌తో భాగించాలి. కోణం నిలువు నుంచి 27 డిగ్రీలు, ఆఫ్‌సెట్ 60 మి.మీ. అనుకుందాం. 19 అంగుళాల చక్రంతో 98 మి.మీ. వస్తుంది. చక్రాలు మాత్రమే 17 చేస్తే 83. దానికి తోడు కొత్త ఫోర్కు 50 మి.మీ. పొట్టిదైతే, సుమారు 1370 మి.మీ. వీల్‌బేస్ మీద కోణం 2 డిగ్రీలు నిటారవుతుంది, ట్రెయిల్ 72కి పడిపోతుంది. 80 కి.మీ. వేగంలో గుంటలో పడితే హ్యాండిల్ చేతుల్లో నిలవదు. అదే పొట్టి ఫోర్కుని 35 మి.మీ. ఆఫ్‌సెట్ ఉన్న టీలో పెడితే మళ్లీ 99 వస్తుంది. అంటే ఒకే ఫోర్కుతో ఒక బండి బాగుండి, పక్క బండి చంపేలా ఉండొచ్చు. "పోయినవారం ఒకటి చేశాం, సూపర్‌గా ఉంది" అన్న మాటకి అందుకే విలువ లేదు. మీ బండి హెడ్ కింది బాల్‌రేసరు నుంచి ఇరుసు మధ్య దాకా ఎంత పొడవుందో, సెట్టు ఫోర్కుది ఎంతో, టీ ఆఫ్‌సెట్ ఎంతో కాగితం మీద రాయించుకోండి. ఈ మూడు అంకెలు చెప్పలేని దుకాణంలో ఇంకేం అడిగినా దండగే.

వెనక బ్రేకు దగ్గరకి వస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. పాత బుల్లెట్‌కి బ్రేకు పెడలు ఎడమకాలి కింద. డ్రమ్ము, స్ప్రాకెట్ కలిసి ఎడమవైపే ఉంటాయి. ఇప్పటి అలాయ్ చక్రానికి చెయిను ఎడమవైపు, డిస్కు కుడివైపు. ఎడమ పెడలు నుంచి కుడివైపుకి బ్రేకు ఎలా వెళ్తుంది? ఛాసిస్ అడ్డంగా ఒక రాడ్డు వేసి, రెండు చివర్లా లివర్లు వెల్డింగ్ చేసి, మాస్టర్ సిలిండర్‌ని ఎక్కడో గార్డుకి తగిలిస్తారు. ఆ రాడ్డు సన్నదైతే మెలి తిరుగుతుంది, పెడలు కిందికి పోతుంది, బ్రేకు మాత్రం పడదు. చెయ్యక తప్పదంటే రాడ్డు 16 మి.మీ.కి తగ్గకుండా, రెండు చివర్లా ఇత్తడి బుష్‌లతో, లివర్లు కీవేతో బిగించి ఉండాలి. లేదా మాస్టర్ సిలిండర్‌ని ఎడమవైపే పెట్టి హోసుని మాత్రం కుడికి తీసుకెళ్లాలి. అది తేలిక, నమ్మకం కూడా. వెనక 140 టైరు మరీ వెడల్పు. చెయిను టైరు పక్కని రాస్తుంది. స్ప్రాకెట్‌ని వాషర్లతో బయటికి జరిపితే చెయిను వంకరగా నడిచి పళ్లు ఒకవైపే అరుగుతాయి. ముందు స్ప్రాకెట్ క్లచ్చు వెనక ఉంది కనుక దాన్ని బయటికి జరిపే వీలు లేదని గుర్తుంచుకోండి.

ఇరుసు, బేరింగుల దగ్గర చిన్న తప్పు కూడా పెద్ద దెబ్బే. కొత్త హబ్‌లో 6302 బేరింగు ఉంటే లోపలి రంధ్రం 15 మి.మీ. మీ ఇరుసు సన్నదైతే పైపు ముక్క దూర్చడం అలవాటు. ఉక్కు కడ్డీ నుంచి తిప్పిన బుష్ కావాలి, నీళ్ల పైపు కాదు. రెండు బేరింగుల మధ్య ఉండే దూరపు గొట్టం కచ్చితంగా బేరింగు సీట్ల మధ్య దూరమంత ఉండాలి, ఎక్కువైతే 0.1 మి.మీ. దాకా పర్వాలేదు. తక్కువైతే ఇరుసు బిగించగానే లోపలి రింగులు దగ్గరకి నొక్కుకుపోయి కొన్ని వందల కిలోమీటర్లకే బేరింగు మాడిపోతుంది. పరీక్ష సులువు. ఇరుసు వదులుగా ఉన్నప్పుడు చక్రం ఎంత తేలిగ్గా తిరిగిందో, పూర్తిగా బిగించాక కూడా అంతే తిరగాలి.

తక్కువ ధరకి వచ్చే యూఎస్‌డీ ఫోర్కుల్లో చాలావరకు యాక్సిడెంట్ బళ్లవి. కింది టీ పట్టు దగ్గర రంగు వలయంగా పగిలిందేమో, కొత్తగా క్రోమ్ చేశారేమో చూడండి. గొట్టాన్ని వీ-బ్లాకుల మీద తిప్పి డయల్ గేజితో కొలిస్తే వంకర 0.2 మి.మీ. దాటకూడదు. గేజి లేకపోతే మందపాటి అద్దం మీద దొర్లించినా తెలుస్తుంది. అలాయ్‌కి కొత్త పౌడర్ కోటింగ్ ఉంటే అనుమానించండి. మూడు డబ్బాల డై పెనెట్రెంట్ స్ప్రే తెచ్చి కాడల మొదళ్లలో, అంచు దగ్గర రంగు గీకి కొట్టి చూస్తే పగులు ఎర్రగీతలా బయటపడుతుంది. రంగు గీకి చూపించమంటే ఒప్పుకోనివాడి చక్రం కొనకండి.

బిగించాక హ్యాండిల్ పూర్తిగా రెండువైపులా తిప్పి చూడండి. కొత్త టీకి ఛాసిస్ మీది ఆపుడు బొడిపెలు తగలకపోతే ఫోర్కు నేరుగా ట్యాంకుని గుద్దుతుంది, బ్రేకు హోసు లాగుతుంది. ఇదొక్కటీ చూసుకోక ట్యాంకులు సొట్టలు పడిన బళ్లు లెక్కలేనన్ని.

కాగితాల సంగతి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకి, ఆర్‌సీలో ఉన్న వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 182ఏ(4) కింద అనుమతి లేని ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల దాకా జైలు గానీ, రెండూ గానీ. బండి 50 ఏళ్లు దాటిందైతే ఇంకా నష్టం. 2021లో వచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధనలు, 20,000 రూపాయల ఫీజుతో వీఏ సిరీస్ నెంబరు, ఛాసిస్‌లో గానీ ఇంజనులో గానీ మార్పు చెయ్యని బళ్లకే వర్తిస్తాయి. హెడ్ గొట్టం కోశారంటే ఆ దారి మూసుకుపోయినట్టే.

బ్రేకు, షాకులు మెరుగుపడితే చాలు అనుకునేవాళ్లకి ఇంత తతంగం అక్కర్లేదు. డూమ్ ఉన్న తర్వాతి ఎలక్ట్రా మోడళ్లకి 280 మి.మీ. డిస్కుతో 19 అంగుళాల చక్రం వచ్చింది. ఆ ఫోర్కు కాళ్లు, హబ్బు, కాలిపర్, మాస్టర్ సిలిండర్ అన్నీ ఒకే బండివి తెచ్చుకోండి. కాలిపర్ ఒకదానిదీ, మాస్టర్ ఇంకోదానిదీ కలిపితే పిస్టన్ల వైశాల్యం కుదరక లివరు రాయిలా గానీ, స్పాంజిలా గానీ తయారవుతుంది. హెడ్‌లో విడి గోళీల కోన్‌సెట్ తీసి టేపర్ రోలర్ బేరింగులు వేయించండి. ముందు చక్రం గాల్లో ఉన్నప్పుడు హ్యాండిల్ చిన్న తోపుకి తనంతట తాను పక్కకి వాలాలి, ముందుకీ వెనక్కీ ఊపితే కటకటమనకూడదు. 500 కి.మీ. తర్వాత ఒకసారి మళ్లీ బిగువు చూడాలి. ఫోర్కు ఆయిలు ఒక్కో కాలికి సుమారు 200 మి.లీ., రెండిట్లోనూ సమానంగా పొయ్యాలి. వెనక గ్యాస్ షాకులు కంటి నుంచి కంటికి పాతవాటి పొడవే ఉండాలి. 25 మి.మీ. పొడుగువి వేస్తే హెడ్ దాదాపు ఒక డిగ్రీ నిటారవుతుంది. మీరు కూర్చున్నాక వెనక భాగం షాకు దిగగల మొత్తం దూరంలో పావు నుంచి 30 శాతం దాకా దిగాలి, అసలు దిగకపోతే స్ప్రింగు మీ బరువుకి ఎక్కువ గట్టిది.

ఇప్పటికే మార్పులు చేసిన బుల్లెట్ సెకండ్ హ్యాండ్‌లో కొంటున్నవాళ్లు ఒక్క పని చెయ్యండి. పై నట్టు విప్పి, టీని కిందికి దించి, స్టెమ్ బయటపెట్టి చూపించమనండి. గంట పని. అమ్మేవాడు ఆ గంట ఇవ్వకపోతే బండి అక్కడే వదిలేసి రండి.