ఇంటి నుంచే సంపాదన అన్న యాప్: నాలుగు నెలల అనుభవం

వీడియోలకు లైక్ కొడితే డబ్బు వస్తుందని చెప్పే ఒక యాప్‌ను నాలుగు నెలలు వాడి, ఐదు నక్షత్రాలకు ఒకటి ఇస్తున్నాను. అదీ ఎందుకంటే, ఆ ఒక్కటైనా ఇవ్వకపోతే సమీక్ష రాయనివ్వరు కనుక.

మొదటి వారంలో విత్‌డ్రా చేసిన చిన్న మొత్తం అరగంటలోనే బ్యాంకు ఖాతాలో పడింది. నన్ను ముంచింది ఆ అరగంటే. ఆ తర్వాత పై స్థాయికి వెళ్లడానికి డిపాజిట్ కట్టాలన్నారు, ఆరుగురిని చేర్పిస్తే వాళ్లు కట్టే డిపాజిట్‌లో పది శాతం కమిషన్ అన్నారు. ఒకరోజు వీడియో తెరవకుండానే లైక్ నొక్కి చూస్తే, అప్పుడూ డబ్బు జమ అయింది. ఆ పని ఎవరికీ అక్కర్లేదని, నాకు వచ్చేది నా తర్వాత చేరినవారి సొమ్మేనని ఆ రోజే గ్రహించవలసింది. 1920లో బోస్టన్‌లో, కొత్తవారి సొమ్మునే పాతవారికి లాభంగా పంచిన చార్లెస్ పోంజీ అనే మోసగాడు 45 రోజుల్లో 50 శాతం లాభమని తపాలా కూపన్ల వ్యాపారాన్ని సాకుగా చూపించాడు. ఇక్కడ వీడియోలను చూపించారు. ఒక్కొక్కరు ఆరుగురిని చేరుస్తూ పోతే పదమూడో మెట్టుకే 1,300 కోట్ల మంది కావాలి, భూమ్మీద అంతమంది మనుషులే లేరు.

మూడో నెలలో విత్‌డ్రా బటన్ బూడిద రంగుకు మారింది. అడిగితే, ముందుగా ఇరవై శాతం పన్ను కడితే మొత్తం విడుదల చేస్తామన్నారు. పన్నును అందులోంచే మినహాయించుకోవచ్చు కదా అని రాస్తే, ఒక గులాబీ బొమ్మ జోడించి అదే సందేశాన్ని మళ్లీ పంపారు. డబ్బు వెనక్కి ఇప్పిస్తామంటూ తర్వాత ఫోన్ చేసినవారు కూడా ముందు ఫీజే అడిగారు కాబట్టి, అటువంటివారి మాట నమ్మకుండా, చెల్లింపుల వివరాలన్నీ భద్రపరచుకుని వెంటనే బ్యాంకుకూ పోలీసులకూ ఫిర్యాదు చేయడం మేలు.

నా సొమ్ము పోయినందుకు నన్ను నేనే తిట్టుకోగలను. కానీ నా మాట మీద మా వదిన తన పొదుపంతా కట్టింది, ఆమెను చూసి ఆమె స్నేహితురాలు కట్టింది. నాకు అందిన కమిషన్‌ను వదినకు తిరిగి ఇచ్చేశాను, అది ఆమె కట్టినదానిలో పదో వంతు. మిగిలినదాని గురించి ఆమె నన్ను అడగదు, అన్నయ్యకు ఇంకా చెప్పలేదు. యాప్‌లో 'మీ బృందం' అన్న జాబితాలో మొదటి పేరు ఇప్పటికీ ఆమెదే.