24క్యూ ‘అప్‌లోడ్ అయింది’ అంటే నమ్మి ఫీజు కట్టేయకండి

టీడీఎస్ (జీతాల్లాంటి చెల్లింపుల్లోంచి ముందే కోసి కట్టే పన్ను) రిటర్న్‌లు బయట కన్సల్టెంట్లతో వేయించుకునే వాళ్ళందరూ ఇది చదవండి. సంగతి నిన్ననే బయటపడింది, కోపం ఇంకా దిగలేదు.

మాది 2024-25 నాలుగో త్రైమాసికం 24క్యూ, అంటే ఉద్యోగుల జీతాల టీడీఎస్ రిటర్న్, గడువు మే 31. మా కన్సల్టెంట్లు మే 30నే వేసేశామని స్క్రీన్‌షాట్ పంపి ఫీజు మొత్తం తీసుకున్నారు. అందులో ఉన్నది ట్రాన్సాక్షన్ ఐడీ ఒక్కటే. ఫైల్ ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌కి చేరిందని దానర్థం, అంతే. స్టేటస్ ‘యాక్సెప్టెడ్’ అయ్యి, 15 అంకెల టోకెన్ నంబర్ వస్తేనే రిటర్న్ దాఖలైనట్టు. మాది మర్నాడే ‘రిజెక్టెడ్’ అయింది. కారణం, పాత ఎఫ్‌వీయూ (ఫైల్‌ని సరిచూసే సాఫ్ట్‌వేర్) వెర్షన్‌తో ఫైల్ తయారుచేయడం. ఫారం 16 (ఉద్యోగికి ఇచ్చే టీడీఎస్ సర్టిఫికెట్) ఏదని జూన్ అంతా అడిగితే, దాన్ని దింపుకునే టీడీఎస్ వెబ్‌సైట్ ట్రేసెస్ స్లోగా ఉందన్నారు. తమ పేరున జమైన పన్ను చూపించే 26ఏఎస్‌లో జనవరి-మార్చి టీడీఎస్ లేదని ఉద్యోగులు నిలదీశాక గానీ నిజం తెలియలేదు.

ఫోన్ చేస్తే వచ్చిన జవాబు ఇది: “అప్‌లోడ్ వరకే మా ఫీజండీ. రిజెక్టయితే కరెక్షన్ వెయ్యాలి, దానికి చార్జి వేరే.” నెల రోజులు దాచిపెట్టి, పైగా ఈ మాట! అది కూడా తప్పు మాట. కరెక్షన్ వేయాలంటే ట్రేసెస్ నుంచి కాన్సో ఫైల్ (యాక్సెప్టయిన రిటర్న్ వివరాలుండే ఫైల్) దింపుకోవాలి. అసలు రిటర్నే యాక్సెప్ట్ కానప్పుడు కాన్సో ఫైల్ ఎక్కడి నుంచి వస్తుంది? రిజెక్టయినదాన్ని మళ్ళీ ‘రెగ్యులర్’ గానే వేయాలి. లేని పనికి డబ్బులు అడిగారు.

సరిచేసే పద్ధతి ఇదీ. పోర్టల్‌లో టాన్ (టీడీఎస్ కోసేవాళ్ళకిచ్చే నంబర్) లాగిన్‌తో ‘వ్యూ ఫైల్డ్ ఫారమ్స్’ తెరిచి రిజెక్షన్ కారణం చదవండి. కొత్త ఆర్‌పీయూ (రిటర్న్ తయారుచేసే సాఫ్ట్‌వేర్), ఎఫ్‌వీయూ దింపుకోండి. సెక్షన్ 234ఈ కింద ఆలస్యం ఫీజు ముందే చలాన్ 281లో (టీడీఎస్ కట్టే చలాన్) కట్టి, ఆ చలాన్ కూడా రిటర్న్‌లో చేర్చండి. కట్టిన చలాన్ల వివరాలుండే సీఎస్ఐ ఫైల్ ఆ తర్వాతే కొత్తగా తీసుకోండి. పాతదైతే ఈ చలాన్ అందులో ఉండదు, వ్యాలిడేషన్‌లో సరిపోదు. బ్యాంకు శాఖ బీఎస్ఆర్ కోడ్ 7 అంకెలు, చలాన్ సీరియల్ 5 అంకెలు, తేదీ, మొత్తం ఒక్కొక్కటి సరిచూడండి. క్రితం త్రైమాసికం 24క్యూ టోకెన్ నంబర్ అడిగే గడి ఉంటుంది, ఖాళీగా వదలొద్దు. నాలుగో త్రైమాసికం కాబట్టి ఏడాది జీతం వివరాలుండే అనెక్జర్ 2లో ప్రతి ఉద్యోగి కొత్త పన్ను విధానమా, పాతదా అన్నది కూడా చూసుకోవాలి. ఇక్కడ తప్పు పడితే రిటర్న్ యాక్సెప్టయినా షార్ట్ డిడక్షన్ (పన్ను తక్కువ కోశారన్న) డిమాండ్ రావచ్చు.

234ఈ ఫీజు రోజుకు 200 రూపాయలు, ఆ త్రైమాసికం టీడీఎస్ మొత్తాన్ని మించదు. మాకు జూన్ 1 నుంచి జులై 5 వరకు 35 రోజులు, 7,000 రూపాయలు. మామూలుగా మాఫీ అడిగే దారి లేదు. ఫారం 16 ఆలస్యానికి సెక్షన్ 272ఏ కింద జరిమానా ఇంకేం వస్తుందో అన్న భయం దీనికి తోడు.

తప్పు నాది కూడా. టాన్ లాగిన్ చేతిలో ఉంది, రెండు నిమిషాల పని, చూసుకోలేదు. మీరైనా పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. అప్‌లోడ్ చేశామన్న మర్నాడే స్టేటస్ మీరే చూడండి, టోకెన్ నంబర్ కనబడ్డాకే ఫీజు ఇవ్వండి. రిజెక్టయితే అదే ఫీజులో మళ్ళీ వేస్తామని, వాళ్ళ వల్ల ఆలస్యమైతే 234ఈ వాళ్ళే భరిస్తామని ముందే మెయిల్‌లో రాయించుకోండి.