కిబాలే అడవిలో చింపాంజీల దగ్గర ఒక గంట, డబ్బు కట్టినా మా తమ్ముణ్ని ఆపేశారు

ఉగాండాలోని కిబాలే నేషనల్ పార్కుకి చింపాంజీ ట్రెక్కింగ్ కోసం, అంటే అడవిలో నడిచి వాటిని వెతికి చూడ్డానికి, వెళ్లొచ్చి రెండు వారాలైంది. ఇక్కడ హైదరాబాద్‌లో ఎవరు కలిసినా అడిగేది ఒకటే, ఒక్క గంట చూడ్డానికి అంత ఖర్చా అని. పర్మిట్ ఒక్కటే మనిషికి 250 డాలర్లు, మన డబ్బుల్లో ఇరవై వేల పైమాటే. అయినా వెళ్లండి అనే చెప్తాను. కానీ ముందు మా తమ్ముడి సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆ పార్కు మీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

పొద్దున ఎనిమిదింటికి కన్యాంచు విజిటర్ సెంటర్‌లో మమ్మల్ని కూర్చోబెట్టి, జలుబు, దగ్గు, జ్వరం ఉన్నవాళ్లు చెప్పమన్నారు. తమ్ముడికి ముందు రోజు రాత్రి నుంచే ముక్కు దిబ్బడ. చెప్పలేదు. మాస్కులు పంచుతుండగా రెండుసార్లు తుమ్మాడు, రేంజర్ మేడమ్ పక్కకి పిలిచి నెమ్మదిగా అడిగి, లోపలికి పంపడం కుదరదని చెప్పేశారు. మాస్క్ తీయను, దూరంగా ఉంటానని బతిమాలాడు. నేనూ గొంతు పెంచాను, ఇంత దూరం వచ్చాం కదా అని. ఆవిడ విసుక్కోలేదు. 2013లో ఇదే అడవిలో కన్యావారా అనే చోట ఉండే చింపాంజీల గుంపుకి, మనకి జలుబు తెప్పించే రకం వైరస్ సోకి ఐదు చనిపోయాయని చెప్పారు. మనం రెండు రోజులు ఆవిరి పట్టుకుని మర్చిపోయే జబ్బు వాటి ప్రాణం తీసింది. ఆ తర్వాత నాకు నోట మాట రాలేదు. తమ్ముడు కళ్లు తుడుచుకుని తనే వెనక్కి వెళ్లాడు.

అడవిలోకి ఆరుగురం వెళ్లాం. ముందు రేంజర్ తుపాకీతో నడుస్తారు, అది అడవి ఏనుగులు ఎదురైతే బెదరగొట్టడానికి. ప్యాంటు తప్పకుండా సాక్సుల్లోకి దోపుకోండి, అక్కడి చీమలు వరుసకట్టి వస్తాయి, కుడితే వదలవు. గంటన్నర సేపు బురదలో ఏమీ కనిపించలేదు. రేంజర్ మేడమ్ మాత్రం ఆగి ఆగి వింటున్నారు. ఒక్కసారిగా ఎక్కడో హూ హూ అని మొదలై, కేకలై, దానికి జవాబుగా ఇంకో వైపు నుంచి డప్పు కొట్టినట్టు చప్పుడు. పెద్ద చెట్ల మొదట్లో గోడల్లా లేచే వేళ్లుంటాయి, మగ చింపాంజీలు వాటిని కాళ్లతో తన్ని మోగిస్తాయట.

మేడి జాతి చెట్టు మీద పళ్లు తింటూ ఏడెనిమిది ఉన్నాయి. ఒక మగది కిందికి దిగి మాకు కొద్ది దూరంలో వెల్లకిలా పడుకుంది, కాలు మీద కాలేసుకుని, మా తాతయ్య భోజనం చేశాక అరుగు మీద పడుకున్నట్టే. ఒక తల్లి పిల్ల వెంట్రుకల్లో వేళ్లు పెట్టి వెతుకుతూ ఉంది. చింపాంజీని ఎప్పుడో చిన్నప్పుడు జూపార్కులో కంచె అవతల చూశాను, అదే జంతువంటే నమ్మబుద్ధి కాలేదు. ఫోన్ లోపల పెట్టేశాను. ఫ్లాష్ ఎలాగూ వేయనివ్వరు, ఆ చీకటి నీడలో ఫొటోలు సరిగా రావు, కాబట్టి చూడండి చాలు. గంట కాగానే కదలమన్నారు, ఐదు నిమిషాలు కూడా ఎక్కువ ఇవ్వలేదు.

మధ్యాహ్నం తమ్ముణ్ని తీసుకుని పక్కనే ఉన్న బిగోడి చిత్తడి నేలకి వెళ్లాం. ఊరివాళ్లే నడుపుతారు, వచ్చిన డబ్బు బడికీ ఊరి పనులకీ వాడతారు. అక్కడ వాడికి ఎర్ర కొలోబస్ కోతులు, నీలంగా కోడిపుంజంత పెద్దగా ఉండే టురాకో పిట్ట కనిపించాయి. కిబాలేలో 13 రకాల ప్రైమేట్లున్నాయి, అంటే కోతులు, చింపాంజీల కుటుంబం జంతువులు, కాబట్టి చింపాంజీలు చూసేసి వెంటనే బండెక్కేయొద్దు, కనీసం రెండు రాత్రులు ఉండండి.

ఇక్కడి నుంచి వెళ్లేవాళ్లకి ముఖ్యమైన మాట ఎల్లో ఫీవర్ టీకా. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు వేయించుకోవాలి, ఆ సర్టిఫికెట్ లేకపోతే తిరిగొచ్చాక ఇక్కడ మనల్ని క్వారంటైన్‌లో పెడతారు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ప్రభుత్వ సంస్థ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. మా టూర్ బుక్ చేసిన ఏజెంట్ ఈ సంగతి ప్రయాణం పదిహేను రోజులుందనగా చెప్పాడు, ఆ టెన్షన్ ఇంకెవరికీ వద్దు. మలేరియా మందుల గురించి కూడా ముందే డాక్టర్ని అడగండి. ఎంటెబ్బే విమానాశ్రయంలో దిగాక, కిబాలేకి దగ్గరి ఊరైన ఫోర్ట్ పోర్టల్ వరకు రోడ్డు మీద దాదాపు రోజంతా పడుతుంది, నడుము నొప్పి ఉన్నవాళ్లు మధ్యలో ఆగండి. జూన్ నుంచి ఆగస్టు, డిసెంబర్ నుంచి ఫిబ్రవరి వానలు కాస్త తక్కువ, అయినా రెయిన్‌కోటు పెట్టుకోండి.

తిండికి భయం లేదు. చపాతీ, చిక్కుడు గింజల కూర, ఉడికించిన అరటికాయ ముద్ద మటోకే అన్నిచోట్లా దొరుకుతాయి. దారిలో కోడిగుడ్డు అట్టు చపాతీలో చుట్టి ఇస్తారు, రోలెక్స్ అంటారు. మేము తీసుకెళ్లిన ఆవకాయ దానిలో వేసుకుని తిన్నాం, మా డ్రైవర్ ఇంకొంచెం వేయమని అడిగాడు.