నేల మీద వెల్లకిలా పెట్టిన కెమెరా: ఏ7ఆర్ 3 నుంచి 5కి

ధర్మవరం పట్టుచీరలకు అంచు డిజైన్లు గీయడం నా పని. లేపాక్షి వీరభద్రస్వామి గుడి పైకప్పు బొమ్మల్లో ఆడవాళ్లు కట్టిన చీరల అంచులు ఫొటో తీసుకొచ్చి, వాటిని చూసి గ్రాఫ్ కాగితం మీద వేసుకుంటాను. 2018 నుంచి ఐదేళ్లు సోనీ ఏ7ఆర్ 3 వాడాను. 2023 చివర్లో ఏ7ఆర్ 5 కొన్నాను.

మధ్యలో ఏ7ఆర్ 4 కూడా స్నేహితుడి దగ్గర తెచ్చి వారం వాడి చూశాను. 42 మెగాపిక్సెల్స్ 61 అయ్యాయి, బాగుంది. స్క్రీన్ మాత్రం 3లో లాగే పైకీ కిందికీ వంగేదే. తిరిగిచ్చేశాను.

నా బాధంతా ఆ స్క్రీన్‌తోనే. మండపంలో వెలుతురు తక్కువ. ట్రైపాడ్‌కు ముందే అనుమతి తీసుకోవాలి, అందుకని తీసుకెళ్లను. చేత్తో పట్టుకుని తీస్తే ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో పెంచుకునే సెట్టింగ్) 3200 దాటేది, అంచులోని సన్నగీతలు గ్రెయిన్‌లో, అంటే ఫొటోలో వచ్చే ఇసుక లాంటి చుక్కల్లో కలిసిపోయేవి. నేల మీద వెల్లకిలా పెట్టి తీద్దామంటే ఆ స్క్రీన్ కిందికి పోయి ఏమీ కనిపించేది కాదు.

5 స్క్రీన్ పక్కకు తెరుచుకుని పూర్తిగా తిరుగుతుంది. మొదటిసారి తీసుకెళ్లిన రోజు, రాతి నేల మీద తువాలు మడిచి వేసి, లెన్స్ పైకి ఉండేలా కెమెరాను వెల్లకిలా పెట్టాను. కన్ను పెట్టి చూసే వ్యూఫైండర్ వెనక్కి పొడుచుకొచ్చి ఉంటుంది కాబట్టి ఆ మడత సర్దడానికి కాస్త టైమ్ పట్టింది. స్క్రీన్‌ను పక్కకు తీసి పైకి తిప్పాను. పక్కనే కూర్చుని కిందికి చూస్తుంటే పైకప్పంతా అందులో కనిపించింది! ఐఎస్ఓ 100, రెండు సెకన్ల టైమర్, ఎక్స్‌పోజర్ ఒక సెకను పైనే. ఇంటికొచ్చి పార్వతీ కల్యాణం బొమ్మలో ఒక చెలికత్తె చీరను పెద్దది చేసి చూశాను. అంచులో రెండు గీతల మధ్య చిన్న పువ్వుల వరుస ఉంది. ఐదేళ్లుగా అవి చుక్కలనుకుని చుక్కలే గీస్తున్నాను. ఆ రాత్రి పాత గ్రాఫులన్నీ బయటికి తీశాను.

కొన్న కొత్తలో చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్ గురించి అందరికీ గొప్పగా చెప్పాను, 5.5 స్టాప్‌ల నుంచి 8కి పెరిగిందని (ఒక్కో స్టాప్‌కు రెట్టింపు సేపు చేత్తో పట్టుకుని తీయొచ్చని లెక్క). ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. అర సెకనుకు చేత్తో తీసినవి పూర్తి సైజులో చూస్తే నాలుగింటిలో ఒకటే పదునుగా వస్తోంది. యాభై దాటాక నా చెయ్యి కొంచెం వణుకుతోంది, 61 మెగాపిక్సెల్స్‌లో ఆ వణుకు దాగదు. నేల మీద పెట్టినప్పుడు స్టెబిలైజేషన్‌ను ఆపేస్తాను. ఫైళ్ల సైజు గురించి పడ్డ టెన్షన్ మాత్రం తగ్గింది. లాస్‌లెస్ కంప్రెస్డ్ రా, అంటే వివరాలేవీ పోకుండా ఫైలు సైజు తగ్గించే పద్ధతి, 3లోనూ 4లోనూ లేదు, ఇందులో ఉంది. పాత బ్యాటరీలు కూడా ఇందులో పనిచేస్తున్నాయి.

ట్రైపాడ్ మీద కొండలూ చెరువులూ తీసేవాళ్లకు సెకండ్‌హ్యాండ్ 4 చాలనుకుంటాను, అందులోనూ 61 మెగాపిక్సెల్సే. మంచి వెలుతురులో తీసి చిన్న ప్రింట్లు వేసుకునేవాళ్లు 3నే ఉంచుకోవచ్చు. పైకప్పుల పని లేకపోయుంటే నేనూ 3తోనే ఉండేదాన్నేమో.