బాతు ఈకల జాకెట్: మూడు చలికాలాల తర్వాత కాడలతోనే పేచీ

లేబుల్ మీద 80 శాతం ఈక, 20 శాతం నూగు (డౌన్, అంటే గట్టి కాడ లేని మెత్తటి బొచ్చు) అని రాసి ఉన్న జాకెట్ ఇది. మాంసానికి కోసిన బాతుల దగ్గర మిగిలిపోయే ఈకలే ఇందులో కూరతారు. వెచ్చదనానికి వంక పెట్టను. లోపల ఉన్ని స్వెటర్ ఉంటే మైనస్ 10 డిగ్రీల పొడి చలిలో కూడా ఆగుతుంది. గొడవంతా ఈక కాడలతోనే.

కాడ మొదలు ముల్లులా గట్టిగా ఉంటుంది. గుడ్డ ఎక్కడ మడతపడితే, ఎక్కడ ఒత్తుకుంటే అక్కడ పొడుచుకొస్తుంది. మోచేతి మడత, చంక, బ్యాగు పట్టీ ఆనే భుజం, సీటు బెల్టు రాసుకునే ఛాతీ, ఈ నాలుగు చోట్లే ఎప్పుడూ. నేత ఎంత చిక్కగా ఉన్నా కుట్టు వెంబడి సూది చేసిన బెజ్జాలు ఉంటాయి కదా, కాడకి అవే దారి. బయటికొచ్చిన కొస కనబడగానే లాగేయాలనిపిస్తుంది. దయచేసి లాగొద్దు. మొన సన్నగానే వస్తుంది, దాని వెనకున్న ఈక వెడల్పుగా ఉంటుంది. అది బెజ్జాన్ని పెద్దది చేసి పక్కనున్న నూగును కూడా వెంట ఈడ్చుకొస్తుంది. ఆ తర్వాత వారం పాటు నల్ల ప్యాంటు నిండా తెల్ల పోగులే. లైనింగ్ వైపు నుంచి ఈకను రెండు వేళ్ల మధ్య గుడ్డతో సహా పట్టుకుని లోపలికి వెనక్కి లాక్కోవాలి. తర్వాత బెజ్జం మీద గోటితో అటూ ఇటూ రుద్దితే నేత పోగులు మళ్ళీ దగ్గరికి జరుగుతాయి. అప్పటికే చిరిగి ఉంటే నైలాన్ అతుకు టేపును గుండ్రంగా కత్తిరించి అంటించాలి. మూలలు ఉంచితే అక్కడి నుంచే లేస్తుంది.

మెచ్చుకోవాల్సిందీ ఆ కాడనే. బాతు ఈకకు సహజంగా వంపు ఉంటుంది, స్ప్రింగులా పనిచేస్తుంది. సూట్‌కేసులో కుక్కి తీసినా నాలుగుసార్లు దులిపితే జాకెట్ పొంగుతుంది. అయితే రెండు ఉతుకుల తర్వాత ఈ మెప్పును కొంత తగ్గించుకోవాల్సి వచ్చింది. నీళ్లలో, డ్రయర్లో దొర్లి కొన్ని కాడలు విరుగుతాయి. విరిగిన ముక్కలో వంపు ఉండదు, వాడి మాత్రం పెరుగుతుంది. ఉతికిన నెలలోనే గుచ్చుకోవడం ఎక్కువ.

అందుకే ఏడాదికి ఒక్క ఉతుకు చాలు, చలికాలం అయిపోయాక. ముందు తలుపున్న మెషీన్, డౌన్ బట్టలకు వాడే సబ్బు నీళ్లు, రెండుసార్లు జాడింపు. తడిసినప్పుడు భుజాలు పట్టి ఎత్తితే ఆ బరువుకు లోపలి కుట్లు తెగి ఈకలన్నీ అడుగుకు జారతాయి. రెండు చేతులూ కింద పెట్టి ఎత్తాలి. డ్రయర్లో తక్కువ వేడి మీద మూడు టెన్నిస్ బంతులతో కనీసం మూడు గంటలు ఆరనివ్వాలి, అరగంటకోసారి తీసి ఉండలు విడదీయాలి. పైకి పొడిగా తగిలినా ఉండల మధ్య తేమ దాక్కుంటుంది. అలాగే మడిచి పెడితే ముక్కిన వాసన పట్టుకుంటుంది.

మన కోళ్ల దుకాణాల వెనక బస్తాల్లో పోగయ్యే ఈకలను ఇలాగే కూరేయొచ్చు కదా అంటారు కొందరు. కోడి ఈక చదునుగా ఉంటుంది, ఆ స్ప్రింగు లేదు. బరువులో దాదాపు సగం కాడే. ముందు కాడ తీసేయాలి. కాడ నుంచి పీచును వేరుచేసే పద్ధతికి అమెరికా వ్యవసాయ శాఖ వాళ్లు 1998లోనే పేటెంట్ తీసుకున్నారు. కాడ తీసేసిన పీచుతో కూరిన కోటు దొరికితే నేను మొదట కొనేది అదే.

ఇప్పటికి ఈ జాకెట్‌ను వదలను, ఎందుకంటే వాడకం ఎక్కువగా ఇంటి నుంచి కారుకి, కారు నుంచి ఆఫీసుకి. వాన పడే ఊళ్లో బస్సుకోసం నిలబడేవాళ్లకైతే చెప్పను. తడిస్తే ఉండకట్టి చల్లబడిపోతుంది. కొనేవాళ్లు దుకాణంలోనే చేతి భాగాన్ని గుప్పిట పట్టి గట్టిగా నలిపి చూడండి. అక్కడే గుచ్చుకుంటే పక్క జాకెట్ చూసుకోండి.