షిప్‌మెంట్లా, సెల్-త్రూనా? పడిపోతున్న ఫోన్ కంపెనీ అమ్మకాలు అంచనా వేయడానికి ఏది మేలు?

మామూలు రోజుల్లో షిప్‌మెంట్ల అంకె చూసుకుంటే సరిపోతుంది, ఎందుకంటే కంపెనీ డీలర్లకి పంపిందీ (షిప్‌మెంట్లు) జనం కొన్నదీ (సెల్-త్రూ) కాస్త అటూఇటూగా ఒకటే ఉంటాయి. కంపెనీ జారుతున్నప్పుడే ఈ రెండూ విడిపోతాయి, మన డబ్బు పోయేది కూడా అక్కడే. 2013లో బ్లాక్‌బెర్రీనే చూడండి, జూన్ 1తో ముగిసిన క్వార్టర్‌లో 68 లక్షల ఫోన్లు షిప్ చేశాం అంది, అవన్నీ జనం కొనేశారనుకుంటే పప్పులో కాలేసినట్టే, ఎందుకంటే అందులో చాలా స్టాక్ డీలర్ల దగ్గరే ఉండిపోవచ్చు కదా. తర్వాతి క్వార్టర్‌లోనే అమ్ముడుపోని స్టాక్ కింద, ముఖ్యంగా జెడ్10 అనే కొత్త ఫోన్ వల్ల, సుమారు 93.4 కోట్ల డాలర్లు నష్టంగా రాసేసుకోవాల్సొచ్చింది.

అదే క్వార్టర్‌లో రెవెన్యూలో చూపించింది 37 లక్షల ఫోన్లు, జనం చేతికి చేరినవి మాత్రం 59 లక్షలు. ఇది చూసి డిమాండ్ పెరిగిందని సంబరపడొద్దు, ముందే పంపిన పాత స్టాక్ కరుగుతోందని అర్థం, పైగా కొత్త బీబీ10 (బ్లాక్‌బెర్రీ 10 సాఫ్ట్‌వేర్) ఫోన్లు కొన్నిటిని కస్టమర్ కొన్నాకే లెక్కలోకి తీసుకుంటామని కంపెనీయే చెప్పింది.

రెవెన్యూని సగటు ధరతో భాగించి ఫోన్ల సంఖ్య రాబట్టే పద్ధతి కూడా ఉంది, కానీ మొత్తం రెవెన్యూ తీసుకుంటే మొదటికే మోసం. నవంబర్ 30తో ముగిసిన క్వార్టర్‌లో 120 కోట్ల డాలర్ల రెవెన్యూలో హార్డ్‌వేర్ వాటా దాదాపు 40 శాతమే, సగానికి పైగా సర్వీసులది. ఇదే లెక్క తిరగేసి, ఆ 40 శాతాన్ని కంపెనీ రెవెన్యూలో చూపించిన 19 లక్షల ఫోన్లతో భాగిస్తే ఫోనుకి 250 డాలర్ల దగ్గర తేలుతుంది, మొత్తాన్ని భాగిస్తే 630 వచ్చి ఫోన్లు బాగా ఖరీదుకే పోతున్నాయనిపిస్తుంది. ధర క్రాస్ చెక్‌కి ఇది పనికొస్తుంది, అంతకుమించి దీనిమీద ఆధారపడను.

నా ఓటు సెల్-త్రూకే, కానీ మోడల్ వారీగా విడగొట్టి చూస్తేనే. ఆ నవంబర్ క్వార్టర్‌లో జనం కొన్నవి 43 లక్షలని చూసి పర్లేదే అనుకోవచ్చు, కానీ అందులో 32 లక్షలు పాత సాఫ్ట్‌వేర్ బీబీ7 ఫోన్లే. కంపెనీ ఆశలన్నీ పెట్టుకున్న కొత్త ఫోన్లకి మిగిలింది 11 లక్షలు, నేనైతే ఆ 11 లక్షల మీదే తర్వాతి ఏడాది అంచనా కడతాను.